ఏడు రాత్రులు, ఒకే గానము



బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయము ఆవృత్తి విచారముతో ఆరంభమగును. ఒకే ఉపదేశమును మరల మరల వినవలెనా, ఒక్కసారి వినిన చాలునా అన్నది అక్కడి ప్రశ్న. ముప్పది సంవత్సరములుగా చదువుచున్న ఆ అధికరణము ఈ సంవత్సరము తొలిసారిగా నాకు సొంత ప్రశ్నగా మారినది. అందుకు నిమిత్తము ఒక ఆంగ్ల రాక్ సంగీత బృందము యొక్క 14 సీడీల పెట్టె. సాధక మిత్రులు కొందరు నొసలు ముడిచినను, జరిగినది జరిగినట్లు చెప్పుటయే మేలని తోచుచున్నది.

మా అబ్బాయి అమెరికాలో ఉత్తర కరొలినా రాష్ట్రమున ఉన్నాడు. ఈ యేడు కొన్ని మాసములు వాని యింట గడిపినాను. వాని అలమరలో నేనెప్పుడో ఇచ్చిన గీత ఒకటి ఉన్నది, దాని పుటలు నలిగిన జాడ లేదు. దాని ప్రక్కనే, చేతితో తీసి తీసి అంచులు అరిగిన పెట్టె ఒకటి ఉన్నది. పైన ఏదో లోకాంతరమును తలపించు చిత్రము. ‘ప్రోజెనీ’ అని పేరు. బృందము పేరు ‘యెస్’. వెనుకవైపు ఉన్న పాటల పట్టికను కళ్ళజోడు సవరించుకొని చదివినాను. మొదటి రెండు సీడీలలో ఉన్న పాటలే తరువాతి రెండింటిలోను ఉన్నవి. ఆ తరువాతి రెండింటిలోను అవే.

“ఇదేమిరా, ఒకే కచేరీని ఏడుసార్లు కొన్నావు?” అన్నాను.

“ఒకే కచేరీ కాదు నాన్నగారూ. ఏడు ఊళ్ళు, ఏడు రాత్రులు.”

“పాటలు అవే కదా?”

“పాటలు అవే. మీ సంధ్యావందనం లాగా.”

వాడు పరిహాసముగా అన్నాడు. నేనును నవ్వినాను. అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణము చెప్పవలెను. అప్పటికి సుమారు సంవత్సర కాలముగా నా జపము ఎండిపోయినది. మంత్రము నడుచుచున్నది, వ్రేళ్ళ కణుపులపై సంఖ్య నడుచుచున్నది, నేను మాత్రము అక్కడ లేను. నూట ఎనిమిది ఎప్పుడు పూర్తియగునా అని లోపల ఎవరో ఎదురుచూచుచుండెడివారు. దీనిని ఎవరికిని చెప్పలేదు. చెప్పుటకు సిగ్గు. ఎందుకనగా ప్రతి ఆదివారము ఐదారుగురు కూర్చొని గీతాధ్యయనము చేయు మా చిన్న బృందములో అభ్యాస వైరాగ్యములను గూర్చి ఉపన్యసించువాడను నేనే. మానివేయుదునా అను ఆలోచన సైతము రెండు మూడు పర్యాయములు కలిగినది. అట్టి స్థితిలో కన్నకొడుకు నోట, వాడెరుగకయే, ఆ మాట వచ్చినది.

మరునాడు సాయంకాలము నేనే అడిగి ఆ పెట్టెను తీయించినాను.

ముందు ఆ పెట్టెలో ఏమున్నదో చెప్పెదను. యెస్ అనునది 1968లో లండన్ నగరమున ఏర్పడిన బృందము. ‘ప్రోగ్రెసివ్ రాక్’ అని వ్యవహరింపబడు శైలికి ప్రముఖ ప్రతినిధులలో ఒకటి. మూడు నిమిషముల ప్రేమగీతముల స్థానమున, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము వలె అంగాంగి భావము గల దీర్ఘరచనలు చేయుట ఈ శైలి లక్షణము. 1972 సెప్టెంబరులో వీరి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అను ఆల్బము వెలువడినది. ఆ వెంటనే ఉత్తర అమెరికాలో సాగిన పర్యటనలో, అక్టోబరు 31న టొరంటో మొదలుకొని నవంబరు 20న న్యూయార్కు సమీపములోని యూనియన్‌డేల్ వరకు ఏడు కచేరీలను బహుళ మార్గముల టేపులపై ముద్రించినారు. నడుమ ఒటావా, డర్హమ్, గ్రీన్స్‌బరో, ఏథెన్స్, నాక్స్‌విల్. ఈ ఏథెన్స్ గ్రీకు దేశములోనిది కాదు, జార్జియా రాష్ట్రములోనిది. డర్హమ్, గ్రీన్స్‌బరోలు మా అబ్బాయి ఉన్న ఉత్తర కరొలినాలోనివే. వాడికి ఈ పెట్టెపై మమకారమునకు అది కూడ ఒక హేతువు.

1973లో వెలువడిన ‘యెస్‌సాంగ్స్’ అను మూడు ఎల్‌పీల కచేరీ సంపుటికి ఈ పర్యటన టేపులనుండియే అధికభాగము గ్రహింపబడినది. పిమ్మట ఆ టేపులు దశాబ్దముల కాలము మూలనపడి ఉన్నవి. వాటిని వెలికితీసి, శబ్దదోషములను నేటి సాధనములతో సవరించి, 2015 మే మాసములో ఏడు కచేరీలను సంపూర్ణముగా, ఒక్కొక్కటి రెండేసి సీడీలుగా ప్రచురించినారు. కొనలేనివారికి, ఓపిక లేనివారికి రెండు సీడీల సంక్షేప సంపుటి కూడ వేసినారు. అది చాలదా అని అడిగితే మా అబ్బాయి సమాధానము చెప్పలేదు. అష్టోత్తరము ఉండగా సహస్రనామమెందుకని నన్నెవరైనా అడిగితే నేను చూచు చూపు ఒకటి చూచినాడు.

మొదటి సాయంకాలము వినినది టొరంటో కచేరీ. సత్యము చెప్పవలెనన్న, అది నాకు హోరు. ప్రారంభములో స్ట్రావిన్‌స్కీ ‘ఫైర్‌బర్డ్’ చివరి భాగము టేపుపై వినిపించును, అది గంభీరముగానే ఉన్నది. ఆ పిమ్మట విద్యుత్ గిటారు, ఆర్గన్, డ్రమ్ములు ఒక్కపెట్టున మీద పడినవి. ఏ వాద్యము ఏ స్వరమును పలుకుచున్నదో, పాడువాడు ఏమనుచున్నాడో ఏదియు విడివడలేదు. అరగంటకు లేచి పోయినాను. కర్ణాటక సంగీతమున కొంచెము పరిచయము కలదను నా అహంకారము అక్కడ అక్కరకు రాలేదు.

రెండవది ఒటావా. మా అబ్బాయి ఈసారి ఒక్క ఉపాయము చెప్పినాడు. “అన్నీ వినకండి నాన్నగారూ. బాస్ గిటారు ఒక్కటే పట్టుకోండి.” బాస్ వాయించినవాడు క్రిస్ స్క్వైర్. సాధారణముగా ఆ వాద్యము తాళమునకు ఆధారముగా అడుగున ఉండును. ఈయన చేతిలో అది తాను కూడ గాత్రము వలె ప్రక్కన నడుచును. దానిని పట్టుకొని నడిచినాను. ఆ అరణ్యములో ఒక బాట కనబడినట్లయినది.

మూడవ కచేరీకి డ్రమ్ములు విడివడినవి. వాయించినవాడు అలన్ వైట్. ఇతని కథ వినదగినది. ఆల్బములో వాయించిన బిల్ బ్రూఫర్డ్ అది ముగియగానే కింగ్ క్రిమ్సన్ అను మరియొక బృందమునకు వెడలిపోగా, ఈ క్లిష్టమైన గీతములన్నిటిని అభ్యసించుటకు వైట్‌కు లభించినది మూడు దినములు మాత్రమే. జులై చివరలో డాలస్ నగరమున తొలి కచేరీ. ఈ పెట్టెలో మనము వినునది దాని తరువాత మూడు నాలుగు మాసముల స్థితి. అతడు ప్రతి రాత్రియు అవే గీతములను వాయించుచు వాటిని నేర్చుకొనుచున్నాడని స్ఫురించినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

నాలుగవ కచేరీ వినునప్పటికి నాకు తెలియకయే ఒక విశేషము జరిగినది. స్టీవ్ హౌ గిటారుపై స్వేచ్ఛగా విస్తరించు ఘట్టమొకటి చివరి గీతములో ఉన్నది. నిన్నటి రాత్రి అక్కడ మెలికపెట్టి క్రిందికి దిగినాడు, నేడు పైనే నిలిచినాడు అని నా చెవి తనంతట తానే చెప్పినది. నేను పోల్చి చూడలేదు, ఆలోచింపలేదు. భేదము ప్రత్యక్షమైనది. మొదటి దినము హోరుగా వినబడిన శబ్దమే అది. మారినది చెవి.

అప్పుడు వాచస్పతి మిశ్రులు జ్ఞప్తికి వచ్చినారు.

శంకర భగవత్పాదుల సూత్రభాష్యముపై వారు రచించిన భామతీ వ్యాఖ్యానములో, ప్రథమ సూత్ర సందర్భముననే, ఒక దృష్టాంతము ఉన్నది. గాంధర్వ శాస్త్రార్థమును మరల మరల అభ్యసించినవానికి ఆ అభ్యాస సంస్కారము శ్రోత్రేంద్రియమునకు తోడగును. అట్టి శ్రోత్రముతో వాడు షడ్జాది స్వరములను, గ్రామ మూర్ఛనా భేదములను ప్రత్యక్షముగానే అనుభవించును. అదే విధముగా, వేదాంత వాక్యార్థ భావనచే సంస్కృతమైన అంతఃకరణముతో జీవుడు తన బ్రహ్మభావమును సాక్షాత్కరించుకొనును. ఈ పంక్తిని ఎన్ని పర్యాయములు పాఠము చెప్పినానో లెక్క లేదు. భామతీ ప్రస్థానమునకును వివరణ ప్రస్థానమునకును భేదము చూపుటకు ఉదాహరించుచుండెడివాడను. శబ్దమే అపరోక్ష జ్ఞానమును ఇచ్చునా, లేక మనస్సు కరణమా అను వాదము అక్కడినుండి సాగును. ఆ వాదమునందు పడి, దృష్టాంతము ఒక అనుభవము అని, అది నిజముగా ఒకనికి ఒక సాయంకాలము జరుగునని ఎన్నడును తలపలేదు.

ఆవృత్త్యధికరణములో పూర్వపక్షి వాదము ఎంత పదునైనదో కూడ అప్పుడే తెలిసినది. ఒక్కసారి వినిన వాక్యము జ్ఞానమును కలిగింపకున్న, నూరుసార్లు వినినను కలిగింపదు. కలిగించినచో తిరిగి వినుట వ్యర్థము. ఆ సంవత్సరమంతయు నా లోపల నూట ఎనిమిదిని లెక్కించుచు విసుగుకొనువాడు ఈ పూర్వపక్షియే! భాష్యకారులు వానిని తిరస్కరింపరు, సగము అంగీకరింతురు. ఒక్కసారి వినగానే గ్రహింపగలవానికి ఆవృత్తి అక్కరలేదు. గ్రహింపలేనివానికే అది కావలెను. ఛాందోగ్యమున శ్వేతకేతువు మరల బోధింపుమని తండ్రిని అడుగుచునే ఉండును. ఉద్దాలకుడు ఒకే ఉపదేశమును తొమ్మిది పర్యాయములు, తేనెతో, నదులతో, మర్రివిత్తుతో, నీట కరిగిన ఉప్పుతో, క్రొత్త క్రొత్త దృష్టాంతములతో చేయును. వాక్యము మారదు. ప్రతిసారియు శ్వేతకేతువు సందేహము ఒకటి రాలిపోవును. వడ్లు దంచుట ఈ ప్రకరణములో వచ్చు ఉపమానము. పొట్టు ఊడువరకు దంచవలెను. రోకటిపోటులను లెక్కించి, ఇన్ని అయినవి, ఇక చాలునను నియమము లేదు.

నేను ఇన్నాళ్ళు రోకటిపోటులను లెక్కించినాను. బియ్యము వైపు చూడలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. రాక్ గీతమును మహావాక్యముతో సమానము చేయుచున్నానని ఎవరును అపార్థము చేసికొనరాదు. విషయము లౌకికము, ఫలము లౌకికము. కాని భామతీకారులు గైకొనిన దృష్టాంతము కూడ లౌకికమే కదా. తెలిసినదానితో తెలియనిదానిని చూపునదే దృష్టాంతము.

అయినను ఆ పెట్టెలోని ప్రధాన గీతమునకు మన దేశముతో నిజమైన సంబంధము ఒకటి కలదు. అది తెలిసినది ఐదవ కచేరీ నాడు. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పదునెనిమిది నిమిషములకు మించిన గీతము, నాలుగు భాగములు. దీనికి ప్రేరణ జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే 1922లో ప్రచురించిన ‘సిద్ధార్థ’ నవల అని గాయకుడు జాన్ ఆండర్సన్ స్వయముగా చెప్పియున్నాడు. పేరు చూచి అది బుద్ధదేవుని చరిత్ర అని భ్రమపడువారు అనేకులు. కాదు. ఈ సిద్ధార్థుడు ఒక బ్రాహ్మణ కుమారుడు. నవలలో గౌతమ బుద్ధుని దర్శించి, నమస్కరించి, తన దారిన తాను పోవును. శ్రమణుడై, పిమ్మట భోగియై, చివరకు ఒక నదీతీరమున పడవవాని వద్ద చేరును. ఆ పడవవాని పేరు వాసుదేవుడు! అతడు ఉపదేశము చేయడు. నదిని వినుమనును. అదే నీరు, అదే రేవు, సంవత్సరముల తరబడి వినుట. తుదకు ఆ నదీఘోషలోని సహస్ర ధ్వనులు ఏకమై ఓంకారముగా వినవచ్చును.

ఈ సంగతి తెలిసిన పిమ్మట గీతములోని మూడవ భాగము నాకు వేరుగా వినబడసాగినది. అంతవరకు ఉన్న సంఘర్షణ అంతయు ఆగును. డ్రమ్ములు నిలిచిపోవును. కంఠములు మాత్రము నెమ్మదిగా ఒకదానికొకటి బదులు పలుకును. వేల మంది యువతీయువకులు నిండిన క్రీడాప్రాంగణములలో ఆ నిశ్శబ్దమును నిలుపుట సులభము కాదు. ఒక ఊరిలో ఎవరో ఈల వేయుదురు, మరొక ఊరిలో అందరు ఊపిరి బిగపట్టినట్లుందురు. వినువారు మారినప్పుడు అదే మౌనము వేరు మౌనమగుచున్నది. ఏడు సంపుటములు ఎందుకని అడిగిన నా ప్రశ్నకు ఇంతకన్న మంచి సమాధానము మా అబ్బాయి కూడ చెప్పలేడు.

వాడు మరొక విషయము చెప్పినాడు. ఆల్బములోని ఈ గీతమును స్టూడియోలో చిన్న చిన్న ఖండములుగా ముద్రించి, టేపును కత్తిరించి అతికినారట. అనగా ఆద్యంతము ఏకధారగా వాయింపబడినది ఆల్బములో లేదు. అతికినదానిని పిమ్మట నేర్చుకొని, ప్రతి రాత్రియు ఏకధారగా వాయించినారు. మనము శాస్త్రమును నేర్చుట కూడ ఖండములుగానే. ఈ ప్రకరణము ఒక గురువు వద్ద, ఆ భాష్యము మరియొకరి వద్ద, సందేహ నివృత్తి ఇంకెక్కడో. దానిని ఒక్క ఊపిరిగా జీవించుట వేరు పని.

ఒక ప్రక్కమాట. ఈ బృందము మరుసటి సంవత్సరము మన శాస్త్రములనే నేరుగా గైకొన్నది. 1973 మార్చిలో ఆండర్సన్ టోక్యోలో ఉండగా పరమహంస యోగానందుల ‘ఒక యోగి ఆత్మకథ’లోని ఒక పాదసూచికను చదివినాడు. శాస్త్రములు శ్రుతి, స్మృతి, పురాణ, తంత్రములని నాలుగు విధములని అందు కలదు. ఆ నాలుగింటిని అనుసరించి నాలుగు గీతములు, రెండు ఎల్‌పీల నాలుగు వైపులు నిండునట్లు, ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ అను ఆల్బము చేసినారు. కీబోర్డు వాయించు రిక్ వేక్‌మన్‌కు అది రుచింపలేదు, 1974లో బృందమును వీడినాడు. మా అబ్బాయి దానిని గొప్ప కృతి అనును. నాకు వేక్‌మన్ పక్షమే సబబుగా తోచినది. పాదసూచికను ఆలంబనముగా చేసికొని శ్రుతిపై గీతము వ్రాయుట ఉత్సాహమే గాని అధికారము కాదు. శాస్త్రముల పేరు పెట్టుకొనిన ఆ సంగీతము నన్ను తాకలేదు. శాస్త్రము పేరెత్తక నదిని వినుమనిన గీతము తాకినది. ఈ విషయమున తండ్రీకొడుకులకు ఏకాభిప్రాయము ఇంకను కుదరలేదు.

క్రిస్ స్క్వైర్ ఈ పెట్టె వెలువడిన మరుసటి మాసమే, 2015 జూన్ 27న మరణించినాడు. అలన్ వైట్ 2022 మే నెలలో. 2013, 2014 సంవత్సరముల పర్యటనలలో వారిరువురు, స్టీవ్ హౌతో కలిసి, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఆల్బమును సంపూర్ణముగా వాయించినారు. అప్పటికి ఆ గీతమునకు నలుబది ఏండ్లు దాటినవి. మూడు దినములలో నేర్చినదానిని వైట్ నాలుగు దశాబ్దముల అనంతరము కూడ వాయించుచున్నాడు. నాలుగవ అధ్యాయపు అదే ప్రథమ పాదములో, ఉపాసనలకు ఆవృత్తి ఎంతకాలమను ప్రశ్నకు మరణ పర్యంతము అని సూత్రకారులు నిర్ణయింతురు. ఆ సూత్రము చదివినప్పుడెల్లను అది నాకు ఒక శిక్షవలె వినబడుచుండెను. ఇప్పుడు అట్లు వినబడుట లేదు. ఎందువలననో చెప్పలేను.

జపము సంగతి అడుగుదురేమో. అద్భుతములేవియు జరుగలేదు. ఉదయము లేచి, అక్కడి ఆలస్యపు సూర్యోదయమునకు ఎదురుచూచి కూర్చుండెడివాడను. బాస్ గిటారు ఒక్కటే పట్టుకొమ్మనిన మాట జ్ఞప్తికి వచ్చి, ఒక దినము మంత్రములోని ఒక్క పదమును మాత్రమే పట్టుకొని వినినాను. మరునాడు మరొక పదమును. చిన్ననాడు తండ్రిగారు చెవిలో చెప్పిన మంత్రమును నేను పలికినానే గాని వినలేదని తెలిసినది. కొన్ని దినములు మరల ఎండిపోవుచున్నది. అట్టి దినములలో సంఖ్యను మాత్రము చూడను, మాలను వస్త్రము క్రింద ఉంచి కూర్చుందును.

నేను బయలుదేరు ముందటి ఆదివారము అబ్బాయి నన్ను డర్హమ్ తీసుకొనిపోయినాడు. 1972 నవంబరు 11 నాటి కచేరీ అక్కడి డ్యూక్ విశ్వవిద్యాలయములో జరిగినది. ఎత్తైన చెట్లు, రాతి కట్టడములు, బంతి పట్టుకొని పోవుచున్న విద్యార్థులు. ఆ రాత్రి గుర్తు ఏదియు అక్కడ కనబడలేదు. ఇద్దరము ఒక బల్లపై కాసేపు కూర్చున్నాము. ఇంటికి తిరిగి వచ్చుచుండగా కారులో వాడు ఆ కచేరీనే పెట్టినాడు. మూడవ భాగము వచ్చినప్పుడు ధ్వని తగ్గించి, “శ్వేతకేతువుకి చివరికి ఎన్నోసారి అర్థమైంది నాన్నగారూ?” అని అడిగినాడు.

తొమ్మిదవసారి అని చెప్పినాను. వాడేమియు అనలేదు, మరల ధ్వని పెంచినాడు.

యూనియన్‌డేల్ కచేరీ, నవంబరు 20 నాటిది, నేను ఇంకను వినలేదు. ఆ రెండు సీడీలను నా పెట్టెలో పెట్టుకొనిపొమ్మని వాడు బలవంతపెట్టినాడు. వద్దు, ఇక్కడనే ఉండనిమ్మన్నాను. వచ్చే సంవత్సరము వచ్చినప్పుడు ఇద్దరము కలిసి విందుమని చెప్పి వచ్చినాను.